ఇంట్లో పెరిగే పరాయి బిడ్డ: సంరక్షకుని బాధ్యత

 

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం మొదలుకొని అటు కడప జిల్లా దాకా మన ముస్లిం కుటుంబాల్లో తల్లులు కువైట్‌కు ఇంటిపనికి పోవడం కొత్త సంగతి కాదు. పోయేటప్పుడు బిడ్డను నానీ దగ్గరో ఖాలా దగ్గరో ఫుప్పూ ఇంట్లోనో విడిచి వెళతారు. రెండేళ్ళని పోయినవారు ఐదేళ్ళకు తిరిగొస్తారు. ఇది ఒక రకం. తండ్రి చనిపోతే చాచా ఇంట్లో పెరిగే పిల్లలు మరో రకం. "చదివిస్తాం, ఇంట్లో తోడుగా కూడా ఉంటుంది" అని పేద బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్న ఆడపిల్ల ఇంకో రకం. వీరందరినీ మనవాళ్ళు "పెంపకానికి ఉన్నారు" అని ఒకే మాటతో చెబుతారు. ప్రభుత్వ బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ద్వారా ఒక కుటుంబానికి అప్పగించే బిడ్డలు వేరు. వారి గురించి ముందు చెప్పుకుందాం.

షరీఅత్ పరిభాషలో యతీమ్ అంటే యుక్తవయస్సు రాకముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ. కువైట్‌లో తల్లి ఉన్న బిడ్డ యతీమ్ కాదు. అంతమాత్రాన ఆ బిడ్డ విషయంలో మన బాధ్యత తగ్గదు, ఎందుకంటే ఆ బిడ్డ మన దగ్గర అమానత్. ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం ఇద్దరూ నమోదు చేసిన ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) ప్రతి ఒక్కరినీ కాపరితో పోల్చి, తన మందను గురించి అతన్ని ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించారు. మందలో పుట్టిన గొర్రెకూ, పొరుగువాడు మేపమని అప్పజెప్పిన గొర్రెకూ కాపరి లెక్క చెప్పాలి. నిజానికి పొరుగువాడి గొర్రెకే ముందు చెప్పాలి.

అనాథను పోషించేవాడికి స్వర్గంలో తన సామీప్యం దక్కుతుందని దైవప్రవక్త (స) తన చూపుడు వేలు, మధ్య వేలు చూపి చెప్పిన సంగతి హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు మనందరికీ తెలుసు, అనాథాశ్రమాల చందా రసీదుల మీద కూడా కనిపిస్తుంది. కానీ పోషణ అంటే అన్నం, బట్ట, ఫీజు అని మాత్రమే మనం అర్థం చేసుకుంటున్నాం. బిడ్డ కడుపు నిండినా ఆ ఇంట్లో భయంతో నిద్రపోతుంటే దాన్ని పోషణ అనవచ్చునా? ఈ నెల పాఠం దాని గురించే.

జకరియ్యా (అలై) అడిగిన ప్రశ్న

సంరక్షణకు ఖుర్ఆన్ వాడిన మాట "కఫాలత్". ఆలి ఇమ్రాన్ సూరాలో హజ్రత్ మర్యమ్ (అలై) ప్రస్తావనలో ఇది వస్తుంది. ఆమె బాధ్యత ఎవరు తీసుకోవాలని ఆ కాలపు పెద్దలు తమ కలాలు వేసి చీటీ తీశారని 44వ ఆయత్ తెలుపుతుంది. ఆ బాధ్యత హజ్రత్ జకరియ్యా (అలై)కి దక్కింది. ఆయన ఆమెకు ఖాలా భర్త అని చాలామంది ముఫస్సిర్లు రాశారు.

37వ ఆయత్‌ను కొంచెం నిదానంగా చదవండి. జకరియ్యా (అలై) మర్యమ్ దగ్గరకు ఆమె ఉండే గదిలోకి వెళ్ళినప్పుడల్లా అక్కడ ఆహారం కనిపించేది. అది తాను తెచ్చింది కాదు. అప్పుడు ఆయన, ఇది నీకెక్కడిదని ఆమెనే అడిగారు. అల్లాహ్ దగ్గర నుంచి వచ్చిందని ఆమె జవాబిచ్చింది. ఆయన ఆ జవాబును నమ్మారు. తరువాతి ఆయత్‌లోనే ఆయన తనకూ సంతానం కావాలని అక్కడే దుఆ చేసుకున్నారు.

దీన్ని మనం సాధారణంగా మర్యమ్ (అలై) ఔన్నత్యానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. అది నిజమే. దాంతోపాటు ఇందులో సంరక్షకునికి మూడు పాఠాలున్నాయి. ఒకటి, ఆయన తరచుగా వెళ్ళి చూసేవారు, అప్పగించుకుని ఊరుకోలేదు. రెండు, తాను ఇవ్వని వస్తువు బిడ్డ దగ్గర కనిపిస్తే గమనించి అడిగారు. మూడు, అడిగి బిడ్డ చెప్పింది విన్నారు.

ఈ రోజుల్లో రెండవ పాఠం ఎంత అవసరమో ఆలోచించండి. పిల్లలకు హాని తలపెట్టేవాడు సాధారణంగా బలవంతంతో మొదలుపెట్టడు. చాక్లెట్టుతో, ఇరవై రూపాయల నోటుతో, ఫోన్ రీచార్జితో మొదలుపెడతాడు. తల్లిదండ్రులు దగ్గర లేని బిడ్డనే ఎంచుకుంటాడు, ఎందుకంటే ఆ బిడ్డను అడిగేవారు లేరని అతనికి తెలుసు. మీ ఇంట్లో ఉన్న బిడ్డ దగ్గర మీరు కొనివ్వని గడియారమో ఫోనో కనిపిస్తే "ఎక్కడ దొంగిలించావు?" అని చెంప మీద కొట్టకండి. ఎక్కడిదని అడగండి. కొట్టిన ఇంట్లో బిడ్డ రెండోసారి నిజం చెప్పదు.

"మేము కాపాడుతాం" అన్న అన్నలు

యూసుఫ్ సూరా మొత్తం ఒక బిడ్డ చేతులు మారిన కథ. మొదట అన్నల చేతికి వెళ్ళాడు. ఆయన్ను తమతో పంపమని అడుగుతూ తాము కాపాడుతామని వారు మాటిచ్చారు (12వ ఆయత్). ఆ నోటితోనే ఆయన్ను బావిలో పడేశారు. హజ్రత్ యాఖూబ్ (అలై) అనుమానిస్తూనే పంపారు. చాలా ఏళ్ళ తరువాత చిన్న కొడుకును పంపమని వారే మళ్ళీ వచ్చినప్పుడు, వెనుకటి నమ్మకం ఏమైందో ముందు గుర్తుచేశారు (64). ఆ తరువాత అల్లాహ్ సాక్షిగా గట్టి ప్రమాణం తీసుకున్నాకే పంపారు (66). రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అప్పగించడానికి అది చాలదని ఇక్కడ తేలుతుంది. కువైట్‌కు బయలుదేరే తల్లి తన చెల్లెలి ఇంట్లో ఎవరెవరు ఉంటారు, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, బడికి ఎవరు తీసుకెళతారు అని అడిగితే చెల్లెలు చిన్నబుచ్చుకోకూడదు. ఒక ప్రవక్త తన సొంత కొడుకులను అడిగాడు.

తరువాత యూసుఫ్ (అలై) ఈజిప్టులో ఒక పెద్ద అధికారి ఇంటికి చేరారు. అతను భార్యతో, ఇతన్ని గౌరవంగా ఉంచు, మనకు మేలు కలగవచ్చు, కొడుకుగా కూడా చేసుకోవచ్చు అనే అర్థంలో చెప్పాడు (21). ఎంత మంచి మాట! పెంపకానికి తెచ్చుకునేటప్పుడు మనం అనే మాట కూడా అదే. కానీ ఆయన యుక్తవయస్సుకు వచ్చాక ఆపద ఆ ఇంట్లో నుంచే వచ్చింది. ఎవరి ఇంట్లో ఆయన ఉంటున్నాడో ఆమే తలుపులన్నీ మూసిందని ఖుర్ఆన్ ప్రత్యేకంగా చెబుతుంది (23). బయటి దొంగ కాదు, ఇంటి మనిషి.

ఆ తరువాత జరిగింది మన సమాజానికి అద్దం. చొక్కా వెనుక నుంచి చిరిగితే తప్పు ఎవరిదో ఆ కుటుంబంలోని మనిషే తేల్చి చెప్పాడు (26, 27). యజమాని కళ్ళారా చూశాడు, నిజం తెలుసుకున్నాడు. తెలుసుకుని ఏం చేశాడు? ఈ సంగతి ఇక వదిలేయమని యూసుఫ్‌తో అన్నాడు, భార్యను క్షమాపణ కోరుకోమన్నాడు (29). అంతటితో సర్దుబాటు. ఫలితం, ఆ వేధింపు ఆగలేదు. చివరకు రుజువులన్నీ చూసిన తరువాత కూడా పెద్దలు ఏ తప్పూ చేయనివాణ్ణే చెరసాలకు పంపారు (35).

మన ఇళ్ళలో ఇదే జరుగుతోందని చెప్పడానికి నేను సంకోచించను. బిడ్డ వచ్చి ఫలానా మామూ ఇలా చేశాడని చెబితే, నోరు మూసుకోమంటారు. మరీ బయటపడితే బిడ్డనే వేరే ఊరు మదరసాకో హాస్టలుకో పంపేస్తారు. తప్పు చేసినవాడు ఇంట్లోనే ఉంటాడు. పంపేసిన బిడ్డ, తనను శిక్షించారనే అనుకుంటుంది.

దీనికి సాకుగా రెండు ధార్మిక మాటలు వాడుతుంటారు. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చమని హదీసు ఉంది కదా అనేది మొదటిది. ఆ హదీసు, ఒక మనిషి తనకు తాను చేసుకున్న పాపాన్ని వీధికెక్కించవద్దని చెప్పడానికి. ఒకరి మీద జరుగుతున్న దౌర్జన్యాన్ని దాచమని కాదు. దౌర్జన్యపరునికి కూడా సహాయం చేయమని, అంటే అతని చేయి పట్టుకుని ఆపమని మరో హదీసులో దైవప్రవక్త (స) స్వయంగా వివరించారు. రెండవ సాకు నలుగురు సాక్షులు. నలుగురు సాక్షుల నియమం వ్యభిచార నేరానికి హద్ శిక్ష విధించే విషయానికి సంబంధించినది. ఒక బిడ్డను ఆపద నుంచి తప్పించడానికి సాక్షుల కోసం ఎదురుచూడమని ఏ ఫిఖ్‌హ్ గ్రంథమూ చెప్పదు. యూసుఫ్ (అలై) విషయంలో చిరిగిన చొక్కా చాలింది.

పడక, పరదా, పాలు

పెంపుడు బిడ్డ వంశం మార్చకూడదని, తండ్రుల పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ ఆదేశం. అప్పటిదాకా జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవబడిన హజ్రత్ జైద్ (రజి) మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. ఇది బిడ్డను దూరం పెట్టడానికి కాదు. తన తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు, తన వారసత్వపు హక్కు బిడ్డకు పోకుండా కాపాడడానికి.

ఈ ఆదేశం వల్ల ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. పెంచినంత మాత్రాన బిడ్డ మహ్రమ్ కాదు. రెండేళ్ళలోపు బిడ్డకు ఇంటి స్త్రీ పాలిస్తే పాల సంబంధం ఏర్పడుతుంది. ఎన్నిసార్లు తాగాలి అనే విషయంలో హనఫీ, షాఫిఈ ఇమాములకు భేదాభిప్రాయం ఉంది, మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. పాల సంబంధం లేకుంటే యుక్తవయస్సు నుంచి పరదా నియమాలు వర్తిస్తాయి. దీన్ని చాలామంది భారంగా భావించి పెంపకమే మానుకుంటారు. నిజానికి ఇది బిడ్డకు కంచె. ఒక గదికి గొళ్ళెం, స్నానానికి తలుపున్న చోటు, బట్టలు మార్చుకోవడానికి మరుగు ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పదేళ్ళకు పిల్లల పడకలు వేరు చేయమని అబూదావూద్ నమోదు చేసిన హదీసు ఉంది. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకే ఈ నియమమైతే, పెంపకానికి వచ్చిన బిడ్డకు వేరే చెప్పాలా? ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకునే ఇళ్ళున్నాయని నాకు తెలుసు. చాప వేరు, దుప్పటి వేరు చేయడానికి పెద్ద ఇల్లు అక్కరలేదు. బిడ్డను ఇంటి పెద్దావిడ పక్కన పడుకోబెట్టండి. పెళ్ళిళ్ళకు, రొట్టెల పండుగకు చుట్టాలు వచ్చి ఇల్లు నిండినప్పుడు ఈ జాగ్రత్త ముందుగా సడలుతుంది, అప్పుడే ఎక్కువగా ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. మహ్రమ్ అయినంత మాత్రాన అందరూ నమ్మదగినవారని కాదు. మహ్రమ్ అనేది నికాహ్, పరదాల హద్దు. గుణానికి సర్టిఫికెట్ కాదు.

పిల్లవాడా, పనివాడా?

హజ్రత్ అనస్ (రజి) చిన్నతనంలో ఆయన తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆయన్ను దైవప్రవక్త (స) సేవలో ఉంచారు. పదేళ్ళు ఆ ఇంట్లో ఉన్నారు. ఆ పదేళ్ళలో దైవప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదనీ, చేసిన పనిని ఎందుకు చేశావనీ, చేయని పనిని ఎందుకు చేయలేదనీ అడగలేదనీ అనస్ (రజి) స్వయంగా ఉల్లేఖించారు. పరాయి ఇంట్లో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఇచ్చిన సాక్ష్యమిది. మన ఇంట్లో పెరుగుతున్న బిడ్డ రేపు మన గురించి ఏమని చెబుతుంది?

సొంత కూతురు ట్యూషన్‌కు, తెచ్చుకున్న పిల్ల అంట్ల దగ్గరకు వెళితే అది పెంపకం కాదు, జీతం లేని ఊడిగం. మన దేశ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడం నేరం. సాయంత్రం బర్రెలను తోలుకురావడానికి కనిగిరి రిజర్వాయరు కాలువల వెంట ఒంటరిగా పంపేది కూడా ఇలాంటి పిల్లలనే. కాలువకు నీరు వదిలిన రోజుల్లో ఈత రాని బిడ్డ గట్టు జారితే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. కొందరు అంటారు, "మా పిల్లలూ పని చేస్తారు గదా" అని. మంచిదే. ఇద్దరికీ సమానంగా చెప్పండి.

చట్టం ఏమంటుంది?

2015 బాల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు, అంటే బిడ్డను సొంతం కాని కుటుంబంలో పెంచే ఏర్పాటుకు సంబంధించినది. కుటుంబాన్ని ఎంపిక చేసేది బాలల సంక్షేమ కమిటీ. బిడ్డ చదువు, ఆరోగ్యం, ఆహారం ఆ కుటుంబం బాధ్యత. కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలి. చూడడంలో లోపం ఉంటే బిడ్డను అక్కడి నుంచి తీసి వేరే ఇంటికి మార్చాలి. 2022 నుంచి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. ఇందులో బిడ్డ వంశం మార్చే పని లేదు గనుక కఫాలత్‌కు దగ్గరగా ఉండే ఏర్పాటు ఇదే. దత్తత విషయంలో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు షబ్నమ్ హాష్మీ కేసులో, బాల న్యాయ చట్టం కింద దత్తత ఎవరైనా ఎంచుకోవచ్చనీ, అది ఎవరి మీదా నిర్బంధం కాదనీ చెప్పింది. షరీఅత్ ప్రకారం నడవదలచిన ముస్లిం కుటుంబానికి ఫోస్టర్ కేర్ ఒక దారి, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ద్వారా సంరక్షకత్వం తీసుకోవడం మరో దారి.

సంతానం లేని దంపతులు మధ్యవర్తి నుంచి పసికందును డబ్బిచ్చి తెచ్చుకోవడం మాత్రం ఏ దారీ కాదు. మన రాష్ట్రంలో 1999లోనూ 2001లోనూ తండాల నుంచి పసికందులను కొని దత్తత పేరుతో విదేశాలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. 2024 మే నెలలో హైదరాబాద్ శివారు మేడిపల్లిలో రాచకొండ పోలీసులు పట్టుకున్న ముఠా ఉత్తరాది నుంచి తెచ్చిన పసికందులను తెలుగు కుటుంబాలకు అమ్ముతోంది. కొన్నవారు బిడ్డ మీద ప్రేమతోనే కొని ఉండవచ్చు. ఎక్కడో ఒక తల్లి ఒడి ఖాళీ అయిందన్న సంగతి ఆ ప్రేమ వల్ల మారదు. పిల్లల అమ్మకం, కొనుగోలుకు ఐదేళ్ళ వరకు కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే ఇంటికి తీసుకుపోయి ఉంచుకోవడం కూడా తప్పే, 24 గంటల్లోపు తెలియజేయాలి.

2012 నాటి పోక్సో చట్టం మరో అడుగు ముందుకు వేసింది. బిడ్డపై లైంగిక దాడి చేసినవాడు బంధువో, సంరక్షకుడో, ఫోస్టర్ కేర్‌లో పెంచుతున్నవాడో, అదే ఇంట్లో ఉండేవాడో అయితే నేరం మరింత తీవ్రమైనదిగా లెక్క. 2019 సవరణ తరువాత అత్యాచారానికి కనీస శిక్ష 20 ఏళ్ళు. తెలిసి కూడా తెలియజేయనివారికీ ఆరు నెలల వరకు జైలు ఉండవచ్చు. అంటే ఇంటి పరువు కోసం నోరు మూసుకున్న నానీ కూడా చట్టం ముందు దోషే.

"పోలీస్ స్టేషన్‌కు ఆడపిల్లను తీసుకెళ్ళడమా!" అని భయపడేవారికి ఒక మాట. ఈ చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. సాధ్యమైనంతవరకు మహిళా ఎస్ఐ తీసుకోవాలి, యూనిఫామ్‌లో ఉండకూడదు. బిడ్డ పేరు, ఊరు పత్రికల్లో రాయడం నేరం. ఫోన్ చేయడానికి 1098, లేదా 112. ఈ 1098 నెంబరును బిడ్డకే కంఠస్థం చేయించండి. పిల్లలు అడిగితే కారణం చెప్పండి: నేనే తప్పు చేస్తే కూడా దీనికి ఫోన్ చేయవచ్చని. ఈ మాట చెప్పగలిగిన సంరక్షకుని ఇంట్లో బిడ్డకు భయం ఉండదు.

దూరం నుంచి చూసే అక్క

హజ్రత్ మూసా (అలై) ఫిరౌన్ ఇంటికి చేరినప్పుడు తల్లి ఆయన అక్కను వెంట పంపింది. ఆమె ఎవరికీ అనుమానం రాకుండా దూరం నుంచి చూస్తూ వెళ్ళిందని ఖసస్ సూరా 11వ ఆయత్ చెబుతుంది. కువైట్‌లో ఉన్న తల్లికి ఇలాంటి అక్క ఒకరు ఉండాలి. బిడ్డ పెరిగే ఇంటి మనిషి కాకుండా, పక్క వీధిలో ఉండే ఆపా అయినా, అంగన్‌వాడీ టీచర్ అయినా, వారానికొకసారి వచ్చి చూసేవారు. తల్లి వీడియో కాల్ చేసినప్పుడు ఖాలా పక్కన కూర్చుని ఉంటే బిడ్డ "బాగున్నాను అమ్మీ" అనే అంటుంది. కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మంచి ఖాలా తానే లేచి వంటింట్లోకి వెళుతుంది.

బిడ్డ ఉన్నట్టుండి ఒక మనిషి పేరు చెబితే ముడుచుకుపోవడం, పెద్దయ్యాక మళ్ళీ పక్క తడపడం, బడికి వెళ్ళనని ఏడవడం, అన్నం మానడం కనిపిస్తే దాన్ని నజర్ అనో జిన్ అనో తావీజు కట్టించి వదిలేయకండి. ముందు కూర్చోబెట్టుకుని అడగండి. చెప్పింది నమ్మండి, చెప్పినందుకు మెచ్చుకోండి.

సొమ్ము అప్పగింత

కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేరున పది లక్షల రూపాయల డిపాజిట్ వేస్తామని 2021 మే నెలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. అదే నెలలో కేంద్రం కూడా పీఎం కేర్స్ నిధి నుంచి అలాంటి పిల్లలకు 23వ ఏట పది లక్షలు అందే పథకం ప్రకటించింది. ఆ డిపాజిట్ వడ్డీ సంగతేమిటని అడిగేవారున్నారు. అది ఉలమాను అడగవలసిన ప్రశ్న. కానీ వడ్డీ గురించి అంత జాగ్రత్తపడే మనిషి, అసలు సొమ్ము ఎవరిదో మరచిపోవడమే విచిత్రం.

నిసా సూరా ఈ విషయంలో ఎంత కఠినంగా ఉందంటే, అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నట్టేనని 10వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఇది విన్న సహాబాలు భయపడి అనాథల వంటను కూడా తమ వంట నుంచి వేరు చేశారు. మిగిలింది పాడైపోయేది. అప్పుడు బఖరా సూరా 220వ ఆయత్ వచ్చి, కలిపి ఉంచుకోవచ్చు, వారు మీ సోదరులే, ఎవరు మేలు కోరుతున్నారో ఎవరు చెడగొడుతున్నారో అల్లాహ్‌కు తెలుసు అని సౌకర్యం కలిగించింది. కనుక వంట కలపండి, పాస్‌బుక్ కలపకండి. ఉన్నవాడైన సంరక్షకుడు బిడ్డ సొమ్ము ముట్టుకోకూడదు, లేనివాడు న్యాయమైనంత మేరకు తీసుకోవచ్చని నిసా సూరా 6వ ఆయత్ చెబుతుంది. అందుకే ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకోవడం మంచిది.

అదే ఆయత్‌లో, బిడ్డ యుక్తవయస్సుకు వచ్చి వివేకం కనిపించినప్పుడు సొమ్ము అప్పగించమని, అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని ఆదేశం ఉంది. అప్పగించవలసినవి సొమ్ము ఒక్కటే కాదు: జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, బడి సర్టిఫికెట్లు, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు, తల్లి పంపిన డబ్బు లెక్క, ఉంటే తండ్రి ఫోటో. వీటిని ఒక సంచిలో పెట్టి బిడ్డకు ఎక్కడుందో ఇప్పుడే చూపించండి. సాక్షులుగా ఇంటి మనిషి ఒకరు, మస్జిద్ కమిటీ నుంచి ఒకరు ఉంటే మంచిది.